హామీలో వెన్న ఎంత?

తెల్లారగానే పాల కేంద్రంలో రైతును పలకరించే నాథుడుండడు గానీ, ఆయన పాలకు మాత్రం పరీక్ష ఉంటుంది. చిన్న సీసాలోకి నాలుగు చుక్కలు తీస్తారు, మిషన్‌లో పెడతారు. వెన్న ఒక్క పాయింటు తగ్గిందా, రేటు అక్కడికక్కడే కోత. ‘మొన్నటి నుంచి గేదెకు ఒంట్లో బాగాలేదండీ’ అంటే మిషను వినదు.

ఆ మిషన్‌ను ఎన్నికల హామీలకూ పెడితే ఎంత బాగుండు!

సహకార డెయిరీకి పాలు పోస్తే రెండో ఏడాది నుంచి లీటరుకు 4 రూపాయల బోనస్ అని 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ మేనిఫెస్టో చెప్పింది. చిక్కటి మాట! పార్టీ గెలిచింది, రెండో ఏడాది రానే వచ్చింది. 2020 డిసెంబరులో బోనస్‌కు బదులు గుజరాత్ నుంచి అమూల్ దిగింది. పోటీతో రేటు పెరుగుతుంది, నాలుగేం ఖర్మ, అంతకంటే ఎక్కువే అన్నారు. మాటిచ్చింది సర్కారు, తీర్చాల్సింది మార్కెట్టు! నీళ్లలో గేదెను పెట్టి కొమ్ములు బేరమాడటమంటే ఇదే.

పక్క తెలంగాణలో 2014లోనే విజయ డెయిరీ రైతుకు ఇదే 4 రూపాయలు ప్రకటించారు. తర్వాత బకాయిల కోసం రైతులు రోడ్డెక్కారు.

2024లో ఆంధ్రలో సర్కారు మారింది. బందరు కాలువ గట్టున ఇద్దరూ నెమరేస్తూనే ఉన్నారు: గేదె గడ్డిని, రైతు హామీని. తేడా ఒక్కటే, గేదె నెమరేస్తే పాలైనా వస్తాయి.