గుంతకు ముహూర్తం

పెదనందిపాడు గుర్తుందా? 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నిలబడి, తెల్లదొరకు శిస్తు కట్టం పొమ్మన్న ఊరు. ఇప్పుడు ఆ ఊరి ట్రాక్టరు బంకుకు వెళ్తే లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు చెల్లించి వస్తుంది. కిక్కురుమనకుండా! రోడ్ల బాగుకోసమని 2020 సెప్టెంబరులో జగన్ సర్కారు వేసింది. ఆ ప్రభుత్వం పోయింది. రూపాయి పోయిందా?

గుంటూరు నుంచి పర్చూరు పోయే రోడ్డు ఆ ఊరి మీదుగానే. ఆ పర్చూరేమో 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల. కలెక్టరాఫీసులు మారాయి, బోర్డులు మారాయి. అడుగున రేగడి మాత్రం అదే.

ఇంజనీరు గారిని కదిపితే, "నల్లరేగడండీ, ఏం చేస్తాం?" అంటారు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న తారు పగులుతుంది. నిజమే. అయితే ఆ నేల నిన్న పుట్టిందా? పత్తికీ మిర్చికీ ఏ నేల మంచిదో బడిపిల్లాడు చెబుతాడే, టెండరు రాసేవాళ్లకు తెలియదా? పక్కన నీళ్లు పోయే దారి తీయరు. అడుగు గట్టిచేయరు. పైపైన తారు పూసి బిల్లు లాగేస్తే రేగడి ఊరుకుంటుందా?

ఎండాకాలం వస్తే మిర్చి టిక్కీలన్నీ, అదే బస్తాలన్నీ, గుంటూరు యార్డుకే. ఆసియాలోనే పెద్ద యార్డని మనకు గొప్ప! దారిలో చీకట్లో గుంత కనపడదు. ఎవరో పుణ్యాత్ముడు అందులో తుమ్మకొమ్మ పాతి, చివర ఎర్రగుడ్డ కడతాడు. సర్కారు వారి హెచ్చరిక బోర్డు అదే. దాన్ని తప్పించబోయి ట్రాక్టరు ఇంకో దాంట్లో పడుతుంది. టిక్కీ కుట్టు తెగుతుంది, కాయలు రోడ్డు పాలు. వెనకాలే పల్లెవెలుగు బస్సు వాటిని తొక్కుకుంటూ పోతే, ఆ ఘాటుకు లోపల అందరికీ తుమ్ములే తుమ్ములు. యార్డుకు చేరాక ఇందులో తాలెంత, తరుగెంత అని రైతును నిలదీస్తారు గానీ, రోడ్డు మింగిన తరుగు ఎవరి ఖాతాలో రాయాలి?

మనమూ తక్కువ తినలేదు లెండి. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి గుంజ పాతాలని తారు తవ్వేది మన కుర్రాళ్లే.

ఇక గడువుల భాగోతం. 2021 గాంధీ జయంతికి గుంతలు పూడ్చడానికి పవన్ కల్యాణ్ పార పట్టారు. ప్రతిపక్షంలో పార తేలికే! 2022లో జగన్ సర్కారు జులై 15 అంది, పూడ్చిన రోడ్ల ఫొటోలతో ప్రదర్శనలు పెడతామంది. గుంత పూడకముందే ఫొటోకు ఫ్రేము! 2024 నవంబరు 2న చంద్రబాబు అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో గుంతలు పూడ్చే పనికి శ్రీకారం చుట్టారు. సంక్రాంతికల్లా రాష్ట్రంలో గుంత కనపడొద్దన్నారు. ఆ సంక్రాంతీ వెళ్లిపోయింది. పంచాంగంలో పండగలకేం కొదవ? ఉగాది ఉంది. అదీ తప్పితే వినాయక చవితి ఉంది. అప్పటికీ పూడకపోతే, నిమజ్జనానికి వాగుదాకా పోయే పని తప్పుతుంది.