లైన్ బాక్సులో మౌసు

నేనిప్పుడు ఒక లైన్ బాక్సులో ఉన్నాను. లైన్ బాక్సంటే రైలింజను డ్రైవర్లు డ్యూటీకి వెంట తీసుకెళ్ళిన ఇనుప పెట్టె. రిటైరైన మా పెద్దాయన దాన్ని మెట్టుగూడ ఇంట్లో మంచం కింద దాచుకున్నాడు. లోపల నాకు తోడు ఒక టార్చిలైటు, ఎర్రజెండా, పచ్చజెండా, చెమటకు మెత్తబడిన రూల్సు పుస్తకం. "నువ్వేం నడిపినవ్?" అని టార్చి అడిగింది. గోల్ఫ్ ఆడానంటే పెట్టెంతా నవ్వింది.

నన్ను సికింద్రాబాద్ సీటీసీలో కొన్నది పెద్దాయన మనవడు. మెట్టుగూడలో మెట్రో ఎక్కి తర్వాతి స్టేషన్ తార్నాకలో దిగి ఉస్మానియాకు వెళ్ళే ఇంజనీరింగ్ కుర్రాడు. తాతకు పొద్దుపోవడానికి వరల్డ్ గోల్ఫ్ టూర్ అనే ఆట నేర్పాడు. అసలు మైదానాలనే వేలకొద్దీ ఫోటోలు తీసి కట్టిన ఆట అది. గోల్ఫ్ కర్ర ఎన్నడూ పట్టని మనిషి కిటికీ పక్క కుర్చీలో కూచుని స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో తిరిగేవాడు. "పొద్దుమాపు ఎలుకను పట్టుకొని కూసుంటడు" అని అమ్మమ్మ సణుగుడు.

ఆట మొత్తం నా ఎడమ మీట మీదే నడుస్తుంది. ఒక నొక్కుతో మీటరు మొదలవుతుంది. కావలసినంత బలం రాగానే ఆపాలి. వెనక్కి పరుగెత్తే గీత సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు మళ్ళీ నొక్కాలి. కుదిరితే డింగ్‌మంటుంది, బంతి తిన్నగా పోతుంది. కాస్త ముందో వెనకో అయితే పక్కదారి పడుతుంది.

ఏడాది ఆడి కూడబెట్టిన డబ్బుతో పెద్దాయన ఆటలోనే కొత్త డ్రైవరు కొన్నాడు. మొదటి దెబ్బకు వాడే పొడుగాటి కర్ర అది. పాతది 220 గజాలు కొట్టేది, ఇది 250. ఆ రాత్రి మా ఇంట్లో పండగ. మర్నాటి నుంచి కష్టాలు. సెయింట్ ఆండ్రూస్ పాత కోర్సులో 112 ఇసుక గుంటలున్నాయి. ఇన్నాళ్ళూ బంతి వాటికి ఇవతలే ఆగేది. ఇప్పుడు అలవాటు చొప్పున బలం నిండా లాగితే, ఆ అదనపు 30 గజాలు దాన్ని తీసుకెళ్ళి ఇసుకలో పడేశాయి. పాత దూరానికే కొట్టాలంటే 88 శాతం దగ్గర ఆపాలి. వేలు ఆపితేగా!

"మౌసు ఖరాబైంది రా" అన్నాడు పెద్దాయన. మనవడు మారుమాట లేకుండా తీగలేని కొత్త మౌసు తెచ్చాడు. అది నాకన్నా తేలిక, మీట మెత్తన. బంతులు ఇంకా దూరం ఇసుకలోకి పోయాయి. నేను బల్ల అంచున తీగ చుట్టుకుని చూస్తూనే ఉన్నాను.

మూడో రోజు పెద్దాయన చెయ్యి తీసేసి చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"అరే, డీజిల్ బండి మీద నుంచి కరెంటు ఇంజను మీదికి మారినప్పుడు గూడ గిట్లనే అయింది. ఆ డబ్ల్యూడీఎం-2కు 2,600 హార్స్‌పవర్. లాలాగూడ షెడ్డు నుంచి వచ్చిన డబ్ల్యూఏపీ-7కు 6,000 దాటి. ఇంజను మంచిదే, చెయ్యే పాతది."

"మరేం చేసినవ్ తాతా?"

"కొత్త ఇంజనెక్కినోడు గుంజుడు గాదు, ముందు ఆపుడు నేర్వాలె."

ఆ రాత్రే ఒక నోటుబుక్కు తీశాడు. పోటీలు పక్కన పెట్టి ఒంటరిగా ఆడాడు. కొత్త దారిలో బండి నడిపేముందు డ్రైవరు ఆ దారి తిరిగి నేర్చుకున్నట్టే. నిండా లాగితే ఎంత, ముప్పాతికకు ఎంత, సగానికి ఎంత, ఎదురుగాలికి ఎంత తగ్గింది అని గీతలు గీసి రాసుకున్నాడు. రెండు వారాలకు నోటుబుక్కు చూడడం మానేశాడు.

ఇప్పుడొక నిజం చెప్పాలి. ఆ ఇసుకపాట్లలో నా తప్పేమీ లేదు. కానీ నా మీట లోపలి సన్నటి రేకు అప్పటికే అరిగింది. అప్పుడప్పుడు ఒక్క నొక్కుకు రెండు నొక్కులు చెప్పేదాన్ని. చెయ్యని తప్పుకు శిక్షపడింది, చేసిన తప్పు బయటపడలేదు. అందుకే ఈ పెట్టెలో నోరెత్తను.

మంచం కింద నుంచి డింగులు లెక్కబెడుతుంటాను. నా కాలంలో తొమ్మిది హోల్స్ ఆటకు 17 దాటలేదు. నిన్న రాత్రి 21 వినిపించాయి. టార్చికి మాత్రం చెప్పలేదు.