పిల్లలకు పర్యావరణం నేర్పే సులువైన పద్ధతి

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠం చేయమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. కాబట్టి చదివించక తప్పదు. అయితే చదివించడం వేరు, తెలియనివ్వడం వేరు. ఆ తేడా పట్టుకుంటే పిల్లకు మార్కులు, మీకు మనశ్శాంతి.

ముందు ప్రాజెక్టు. 'చెట్లను కాపాడండి' మోడల్‌కు థర్మకోల్ వాడండి, అడవి నిటారుగా నిలబడుతుంది. 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీకి ఇంట్లో ఖాళీ సీసాలు లేకపోతే కూల్‌డ్రింకులు కొని సింకులో పారబోయండి. జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగాలి. నీళ్లు పోసేదీ లేనిదీ వాచ్‌మన్ చూసుకుంటాడు.

ఇక చెత్త. అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడుగా వేరుచేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. పరీక్షలో పిల్ల మూడూ గడగడా రాయాలి. ఇంట్లో మాత్రం ఒకటే కవరు. కూరగాయల తొక్కు, పగిలిన గ్లాసు, డైపరు, పాత బ్యాటరీ అన్నీ కలిపి గట్టిగా ముడివేయండి. చెత్త ఆటో నడిపేది మొగుడైతే, వెనక చెత్తలో నిలబడి ఆ ముళ్లు విప్పి ఏరేది పెళ్లాం. గాజు గుచ్చుకుంటే ఏం చేస్తుందన్నది సిలబస్‌లో లేదు. వాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్తున్నారన్నది అసలే లేదు. నెల డబ్బుల దగ్గర గట్టిగా బేరమాడండి. రెండు రోజులు ఆటో రాకపోతే మాత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పౌరహక్కుల గురించి పొడుగ్గా రాయండి.

"ఈ చెత్తంతా ఎక్కడికి పోతుంది డాడీ?" అని పిల్ల అడిగితే "ఆటోలోకి తల్లీ" అనండి. జవహర్‌నగర్ పేరు ఎత్తకండి. ఎత్తితే డంపింగ్ యార్డు, గుట్ట అడుగు నుంచి ఊరే నల్లనీళ్లు, పాడైన మల్కారం చెరువు, పనికిరాని బోర్లు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. హైదరాబాదంతా పారేసిన కంపును అక్కడివాళ్లే ఎందుకు పీల్చాలి అనేదాకా పోతుంది. సైన్సు ప్రశ్న కాస్తా సోషల్ ప్రశ్న అయిపోతుంది. రెండింటికీ పీరియడ్లు వేరని సర్దిచెప్పండి.

ఫీల్డ్ ట్రిప్ అంటే జూ పార్కుకే పంపండి. యార్డు దగ్గరి పిల్లలను మీ బడికి పిలవడం ఇంకా ప్రమాదం, వాళ్లకు ఈ పాఠం పుస్తకం లేకుండానే వచ్చు.

ఇంత చేసినా పిల్ల అడుగుతూనే ఉంటే అబాకస్‌లో చేర్పించండి. వీలైతే కరాటే కూడా.