ఆమెను కాపాడినవాళ్ల ఘనత

సింథియా ఆన్ పార్కర్‌ను జీవితంలో రెండుసార్లు ఎత్తుకుపోయారు. మొదటిసారి అమెరికా ఆదివాసులైన కొమాంచీలు, రెండోసారి టెక్సస్ రేంజర్లు. రెండుసార్లూ తంతు ఒకటే: ముందు చుట్టుపక్కలవాళ్లను చంపడం, ఆనక ఆమెను తమవెంట తీసుకుపోవడం. కాకపోతే రెండోసారి చేసినవాళ్ల దగ్గర పత్రికలున్నాయి, శాసనసభ ఉంది, మున్ముందు గవర్నర్ కాబోయే మొనగాడున్నాడు. కాబట్టి అది ఉద్ధరణ.

మొదటిదాన్ని తేలిక చేయడానికి వీల్లేదు. 1836 మే 19న ఆమె కుటుంబం ఉండే పార్కర్ కోట మీద పడినవాళ్లు ఐదుగురు మగవాళ్లను చంపారు. వాళ్లలో ఈ పిల్ల తండ్రి ఉన్నాడు, తాత ఉన్నాడు. ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్లు, అటూ ఇటూగా. అదే రోజు చెరపట్టిన ఆమె పెదనాన్న కూతురు రేచల్ ప్లమ్మర్ తర్వాత బయటపడి, తన పసిగుడ్డును తన కళ్లెదుటే ఎలా చంపారో పుస్తకంలో రాసింది. కొమాంచీలు ఋషులేం కారు. అలాగని పార్కర్లూ ఊరికే తపస్సు చేసుకుంటున్నవాళ్లు కారు. ఇంకొకడి వేటనేలలో దుంగలు పాతి కోట కట్టి, దేవుడే ఇచ్చాడన్న ధీమాతో ఆ ఉదయం దాని తలుపులు బార్లా తెరిచి ఉంచారు.

తర్వాతి 24 ఏళ్లు ఆమె కొమాంచీ మనిషి. పీటా నొకోనా అనే నాయకుణ్ని పెళ్లాడింది. క్వానా, పీకోస్ అని ఇద్దరు కొడుకులు, టాప్సన్నా అని ఓ కూతురు. అదేదో గుర్రాలమీద షికారు బతుకనుకునేరు! అడవిదున్నను పడగొట్టే దాకానే మగవాడి ప్రతాపం. తోలు ఒలిచి, నేలమీద మేకులతో బిగించి, కొవ్వూ కండా పోయేదాకా గీకి, ఆ దున్న మెదడునే గుజ్జు చేసి పట్టించి, మెత్తబడేదాకా రుద్దేది ఆడది. మాంసం చీల్చి ఎండబెట్టేదీ, గుడారం విప్పి గుర్రాలకు కట్టి మరోచోట నిలబెట్టేదీ ఆడదే. చేతులు కాయలు కాసే చాకిరీ. అయినా 1840లలో తెల్లవాళ్లు వెళ్లి, సొమ్ము కట్టి విడిపిస్తాం వచ్చేయమంటే, రానంది. అక్కడే పెద్దమనుషులకు బుర్ర తిరిగిపోయింది. రానన్నదానికి ఎంత ఆలోచించినా వాళ్లకు కారణం తట్టలేదు. మొగుడూ ఇల్లూ అన్నవి మనుషులకుండే కారణాలు కదా!

1860 డిసెంబర్‌లో పీస్ నది ఒడ్డున, సామాన్లు సర్దుకుంటున్న ఓ చిన్న విడిది మీద సల్ రాస్ తన రేంజర్లతో, తోడు సైనికులతో విరుచుకుపడ్డాడు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రాస్ గారి కథనంలో మాత్రం అదో మహా సంగ్రామం, అందులో పీటా నొకోనా హతం. మా నాన్న ఆ రోజు అక్కడ లేనే లేడు మొర్రో అని క్వానా తర్వాత మొత్తుకున్నాడు. టెక్సస్‌లో ఓట్లు వేసేది క్వానా కాదు గనక ఆ మాట చెవికెక్కలేదు. రాస్ 1887లో గవర్నర్ గద్దె ఎక్కాడు. ఇక ఆ ఒడ్డున చంటిదాన్ని ఎత్తుకుని పారిపోతూ దొరికిన ఆడమనిషివి నీలికళ్లు. కాబట్టి బతికిపోయింది. నల్లకళ్లవాళ్లు నది ఒడ్డునే మిగిలిపోయారు.

అంతటితో వదిలితే ఉద్ధారకులెలా అవుతారు? నల్లవాళ్లను బానిసలుగా ఉంచుకోవడం కోసం 1861లో ఏకంగా దేశం నుంచే తెగతెంపులు చేసుకుంది టెక్సస్. అదే ఏడాది ఈమె స్వేచ్ఛకు మురిసిపోయిన దాని శాసనసభ ఏటా 100 డాలర్ల చొప్పున ఐదేళ్లు పింఛను, 4,428 ఎకరాల భూమి మంజూరు చేసింది. ముప్పై దాటిన, ముగ్గురు పిల్లల తల్లికి ఇద్దరు బంధువులను సంరక్షకులుగా కూడా వేసింది. ఆమెకు కావలసింది ఒక్కటే: కొడుకుల దగ్గరికి వెళ్లడం. ఆ పద్దు కింద ఖజానాలో పైసా లేదు.

ఫోర్ట్‌వర్త్‌లో ఫొటో తీయించారు. ఫొటోలో ఆమె జుట్టు పొట్టిగా కోసి ఉంటుంది. టాప్సన్నా పాలు తాగుతుంటుంది. అయినవాళ్లు పోతే కొమాంచీ ఆడవాళ్లు జుట్టు కోసుకుంటారు. మైలలో ఉన్న మనిషిని కుర్చీలో కూలేసి, తప్పిపోయిన బిడ్డ దొరికిందని సంబరంగా ఆ బొమ్మ చూసుకున్నారు.

ఓ పెదనాన్న ఇంటి నుంచి తమ్ముడి ఇంటికి, అక్కడినుంచి చెల్లెలి ఇంటికి తిప్పారు. మళ్లీ మళ్లీ పారిపోబోయింది. పట్టుకొచ్చి కాపలా పెట్టారు. వడకడం, నేయడం నేర్పారు, నేర్చుకుంది. 1864లో టాప్సన్నా జబ్బుచేసి పోయింది. మరో ఆరేడేళ్లకు తల్లీ పోయింది. కొడుకులను మళ్లీ చూడనే లేదు.

హాలీవుడ్ మాత్రం ఊరుకుంటుందా? ఈ కథ ఛాయల్లో అలన్ లెమే నవల రాస్తే, 1956లో అది 'ది సెర్చర్స్' సినిమా అయింది. అందులో తెర నిండా ఉండేది పిల్ల కోసం వెతికే జాన్ వేన్. దొరికాక చంపేద్దామా, ఇంటికి తీసుకుపోదామా అన్నది ఆయన ధర్మసంకటం! ఆ పిల్ల సంకటానికి రీళ్లు చాలలేదు.

1875లో లొంగిపోయి, అమ్మ ఇంటిపేరు తగిలించుకుని క్వానా పార్కర్‌గా బతికిన కొడుకు, 1910లో ఆమె ఎముకలను టెక్సస్ నుంచి ఓక్లహోమాకు, తన ఇంటి దగ్గరి పోస్ట్ ఓక్ శ్మశానానికి తెప్పించుకున్నాడు. మరుసటి ఏడాది తనూ పోయి ఆమె పక్కన చేరాడు. 1957లో ఆ శ్మశానం సైన్యం క్షిపణి ప్రయోగాలకు అడ్డొచ్చింది. సమాధులు తవ్వి, తల్లీకొడుకులను ఫోర్ట్ సిల్‌కు తరలించారు. కొమాంచీల వంటి తెగలను అణచడానికి కట్టిన కోట అది. ఈసారీ ఆమెను ఎవరూ అడగలేదు. అడిగినా పలకదన్న సాకు మాత్రం, పాపం, వాళ్లకు అప్పుడే దొరికింది.