కొత్త ఇంజిన్‌కు పథ్యం, పాత ఇంజిన్‌కు పూచీ

లక్ష డాలర్లకు అటూ ఇటూగా పోసి బీఎండబ్ల్యూ ఎం కారు ఇంటికి తెచ్చుకున్నవాడికి కంపెనీ పుస్తకం ముందుగా చెప్పేది, తొందరపడొద్దని. మొదటి 2000 కిలోమీటర్లూ ఇంజిన్ 5500 ఆర్‌పీఎం దాటకూడదు. వేగం గంటకు 170 కిలోమీటర్లు మించకూడదు. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కకూడదు. బాలింతకు కూడా ఇంత పథ్యం రాసివ్వరు. ఇందులో ఓ తమాషా ఉంది. అమెరికా మొత్తమ్మీద అన్నిటికంటే ఎక్కువ స్పీడ్ లిమిట్ టెక్సస్‌లో ఒక టోల్ రోడ్డు మీద ఉంది. అది గంటకు 85 మైళ్లు, అంటే 137 కిలోమీటర్లు. పథ్యం ఎక్కడా తప్పకుండానే పోలీసుకు దొరికిపోవచ్చన్నమాట.

పథ్యం ఉత్త మూఢనమ్మకమా అంటే కాదు. సిలిండర్ లోపలి గోడ కంటికి నున్నగా కనిపించినా, నూనె నిలవడానికి దాని మీద సన్నటి అడ్డగీతలు గీసి ఉంటాయి. పిస్టన్ రింగులు ఆ గోడతో కొంతకాలం రాసుకుని కుదురుకోవాలి. రింగును గోడకేసి అదిమేది దాని సొంత బిగువు కొంతైతే, వెనక నుంచి తోసే మండిన గ్యాసు చాలా. గేర్లు, డిఫరెన్షియల్ కూడా మొదట్లో కాస్త లోహపు రజను రాలుస్తాయి. అందుకే ఎం కార్లకు 2000 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ ఆయిల్‌తో పాటు డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మారుస్తారు. ఇంతవరకూ ఇంజనీరింగే. మతం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

ఈ మతంలో రెండు శాఖలున్నాయి. మొదటి శాఖవారు సాత్వికులు. షోరూమ్ నుంచి ఇంటిదాకా ఎడమ చేతివైపు లారీ వెళ్లిపోతున్నా చలించరు. రెండో శాఖవారు ఉగ్రులు: రింగులు కూర్చోవాలంటే గ్యాసు ఒత్తిడి కావాలి, ఒత్తిడి కావాలంటే తొక్కాలి, అదీ మొదటి ముప్పై కిలోమీటర్లలోనే తొక్కాలి, తర్వాత గీతలు అరిగిపోయాక ఎంత తొక్కినా లాభం లేదంటారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఒకటే: "నా బండి చుక్క నూనె తాగదు." ఒకే ఇంజిన్‌ను రెండుసార్లు కొత్తగా మొదలుపెట్టి చూడటం ఎవరికీ కుదరదు గనక, ఈ వాదంలో ఓడిపోయినవాడు ఇంతవరకూ లేడు.

కంపెనీలకైనా ఏకాభిప్రాయం ఉందా? 2016లో మళ్లీ వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్ ఇంజిన్‌ను ఒహాయోలోని ఆనా కర్మాగారంలో ఒక్కో నిపుణుడు చేత్తో బిగించి, 150 మైళ్లు నడిచినంత పనిని బెంచి మీదే చేయించి పంపేవారు. ఇంజిన్ పథ్యం ఫ్యాక్టరీలోనే అయిపోయేది. కార్వెట్ సీ8 వాళ్లకు కొనుగోలుదారుడి నిగ్రహం మీద నమ్మకం తక్కువ. మొదటి 500 మైళ్లు కింది గేర్లలో టార్క్‌ను కంప్యూటరే తగ్గిస్తుంది. పోర్షే 911 పుస్తకం దాదాపు 3000 కిలోమీటర్లు ఓపిక పట్టమంటుంది. లోహాలు అవే, ఆయిల్ కంపెనీలూ ఇంచుమించు అవే. ముహూర్తాలు మాత్రం ఎవరివి వారివి.

ఈ పథ్యం ఎంత నిష్ఠగా చేసినా ఆగనిదేమిటో 2014లో తేలింది. కొత్త 911 జీటీ3, 475 హార్స్‌పవర్, 9000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజిన్. ఐరోపాలో రెండు కార్లు ఇంజిన్ దెబ్బతిని తగలబడ్డాయి. పోర్షే అప్పటికి అమ్మిన 785 కార్ల యజమానులందరికీ బండి బయటకు తీయొద్దని చెప్పింది. విచారణలో తేలింది, కనెక్టింగ్ రాడ్డు మీద ఒక బోల్టు వదులై క్రాంక్‌కేసును దెబ్బతీసిందని. చివరికి 785 ఇంజిన్లూ మార్చారు. ఆ యజమానుల్లో సాత్వికులు ఎందరో, ఉగ్రులు ఎందరో. బోల్టు ఎవరి శాఖ ఏదని అడగలేదు.

నిస్సాన్ జీటీ-ఆర్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2008 ఏప్రిల్‌లో నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ చుట్టును 7 నిమిషాల 29 సెకన్లలో తిరిగిందని ప్రపంచమంతా చాటారు. నిలుచున్న చోటు నుంచి బాణంలా దూకడానికి లాంచ్ కంట్రోల్ పెట్టారు. అది పనిచేయాలంటే వీడీసీ అనే స్థిరత్వ వ్యవస్థను ఆపాలి. బటన్ కంపెనీదే. పుస్తకం కూడా కంపెనీదే, అందులో వీడీసీ ఆపి నడిపితే వచ్చే నష్టానికి వారంటీ వర్తించదని రాసి ఉంది. కొందరు బటన్ నొక్కారు, ట్రాన్స్‌మిషన్ పోయింది. కొత్తది వేయాలంటే దాదాపు 20 వేల డాలర్లని అప్పట్లో పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి లాంచ్ జోరు తగ్గించింది. విందుకు పిలిచి, విస్తరి వేసి, తిన్నవాడికి అజీర్తి చేస్తే మా పూచీ లేదని గుమ్మానికి బోర్డు కట్టిన గృహస్థును ఎవరూ చూసి ఉండరు; కార్ల వ్యాపారంలో మాత్రం ఆయన చాలా పెద్దమనిషి.

పైగా ఇప్పటి కారు యజమాని మీద తనే చాడీలు చెబుతుంది. పోర్షే వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలిస్తే, ఇంజిన్ హద్దు మీరి ఎన్నిసార్లు తిరిగిందో, ఏ స్థాయిలో మీరిందో, చివరిసారి ఎన్నో గంట దగ్గర మీరిందో వరసగా బయటపడుతుంది. స్థాయులు ఆరు. కింది స్థాయులకు క్షమాపణ ఉంది. పై స్థాయులంటే మాన్యువల్ గేర్‌బాక్సులో నాలుగుకు బదులు రెండో గేరులోకి దించిన మహాపాపం. వాడిన కారుకు కంపెనీ వారంటీ పొందాలంటే బ్రిటన్‌లో 111 అంశాల తనిఖీ దాటాలి. పెళ్లిచూపుల్లో పిల్ల గురించి ఇంత ఆరా తీసిన రోజులు మన ఊళ్లలోనూ పోయాయి.

ఇక ఎక్స్‌టెండెడ్ వారంటీ. అమెరికా షోరూమ్‌లో దీన్ని అమ్మే చోటు వేరు. బయట హాల్లో సేల్స్‌మన్ గంటసేపు చెప్పేది, ఈ కారు ఎంత దిట్టమైనదో. ధర కుదిరాక లోపలి గదిలోకి, ఫైనాన్స్ మేనేజర్ దగ్గరకు పంపుతారు. ఆయన మరో అరగంటసేపు చెప్పేది, ఈ కారు ఎన్ని రకాలుగా పాడవగలదో. టర్బో పోతే ఇంత, గేర్‌బాక్సు పోతే అంత. ఒకే కప్పు కింద, ఒకే మధ్యాహ్నం, ఒకే కారు గురించి. హాల్లో విన్నది నిజమైతే లోపల కొనేది దండగ. లోపల విన్నది నిజమైతే హాల్లో కొన్నది దండగ. రెండూ కొని బయటపడే మనిషి మొహంలో ఆనందం మాత్రం నిజం.

కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2013లో తన చందాదారుల్లో 12 వేల మందిని అడిగితే, ఇలా కొన్నవాళ్లలో 55 శాతం మంది ఆ వారంటీని ఒక్క రిపేరుకూ వాడలేదు. వాళ్లు చెల్లించిన మధ్యస్థ ధర 1200 డాలర్ల పైచిలుకు. డీలర్ల సంగతి ఇదైతే, ఫోన్లో అమ్మేవాళ్లది మరో లోకం. "మీ కారు వారంటీ అయిపోవచ్చింది" అనే రికార్డు గొంతు డల్లస్‌లో, న్యూజెర్సీలో ఉండే మన తెలుగువాళ్లందరికీ మేనమామ గొంతంత పరిచయం. అందులో ఒక ముఠా 2021లో మూడు నెలల్లో 500 కోట్లకు పైగా కాల్స్ చేసిందని, 50 కోట్లకు పైగా నంబర్లకు చేసిందని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ లెక్కగట్టింది. అమెరికా జనాభా అటూ ఇటూగా 33 కోట్లు. కారు లేనివాడికి, లైసెన్సు రాని పిల్లవాడికి కూడా వారంటీ అయిపోవస్తోంది మరి. 2023 ఆగస్టులో ఆ ముఠాకు దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. టీవీలో తారల చేత చెప్పించి అమ్మే కార్‌షీల్డ్ కూడా 2024లో మోసపూరిత ప్రకటనల కేసులో వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీతో కోటి డాలర్లకు రాజీపడింది.

అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి, దానికి ఒక వీరుడున్నాడు. డగ్ డెమ్యూరో అనే ఆటో రచయిత పాత కార్లమ్మే కార్‌మాక్స్‌లో ఒక 2006 మోడల్ రేంజ్ రోవర్ కొని, 3899 డాలర్లు పోసి ఆరేళ్ల వారంటీ తీసుకున్నాడు. రిపేర్ల కింద 20 వేల డాలర్లకు పైగా వసూలు చేశాడు, ఒక్కొక్కటీ వ్యాసంగా రాసి జీతమూ తీసుకున్నాడు. ఈ కథను వారంటీ అమ్మేవాళ్లు చెప్పరు, విచిత్రంగా. చెబితే దాని వెనకే, అలాంటి కారు ఎందుకు కొనాలన్న ప్రశ్న వస్తుంది. పదేళ్ల పోర్షేనో, ఎం కారునో ఉంచుకోవాలనుకునేవాడికి కంపెనీయే ఇచ్చే వారంటీ గిట్టుబాటు కావచ్చు, ఒక్క డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు పోతే చాలు. కానీ దాని మీద సంతకం పెట్టేముందు చదవాల్సింది ఏం ఇస్తారన్న పేజీ కాదు, ఏం ఇవ్వరన్న పేజీ. రేసుల్లో వాడితే లేదు. అరిగిపోతే లేదు. సర్వీసు రసీదు ఒకటి కనిపించకపోతే పేచీ.

పోర్షే జీటీ3 ఇంజిన్లకు తర్వాత 2017లో మరో తలనొప్పి, వాల్వుల దగ్గర అరుగుదల, బయటపడితే కంపెనీ తనంతట తాను వారంటీని పదేళ్లకు, 1,20,000 మైళ్లకు పెంచింది. దానికి ఫోన్ కాల్ రాలేదు, లోపలి గది లేదు, బిల్లూ లేదు.

లోపలి గదిలో మాత్రం బేరం ఉంటుంది. ఫైనాన్స్ మేనేజర్ చెప్పిన ధరకు కొనేవాడు వద్దని కుర్చీలోంచి లేస్తే, వారంటీ ధర కొన్ని వందలు దిగుతుంది. తలుపు దాకా వెళితే ఇంకొన్ని వందలు. బయట నిలబెట్టిన కారు ఈ అయిదు నిమిషాల్లో ఒక్క అంగుళం కదల్లేదు, దాని గేర్‌బాక్సు పోయే అవకాశం మాత్రం మేనేజర్ లెక్కలో సగానికి సగం తగ్గిపోయింది.