‘నవల ఆధారంగా’: ఒక తెరవాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. పొగాకు హెచ్చరిక ముగిసి, కృతజ్ఞతల జాబితా తెర మీద బారులు తీరి, అభిమానులు కాగితపు ముక్కలు గుప్పిట్లో పట్టుకుని కథానాయకుడి పేరు కోసం కాచుకున్న సంధికాలంలో ఒక వాక్యం తెర మీదికి వచ్చి వెళ్ళిపోతుంది. దాని సామాన్య పాఠం ఇది: ‘సుప్రసిద్ధ నవల ఆధారంగా, చలనచిత్రానికి అనువైన కొన్ని మార్పులతో.’ కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి ‘సంజీవని’ని అనుగ్రహించినట్టు ఈ వాక్యానికి కూడా ఒక వ్యాఖ్య అవసరం గనుక ప్రస్తుత టీక వెలువడుతున్నది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ ఒడ్డునున్న భవానీపురంలో పుట్టినందువల్ల దీనికి ‘భవానీపురీయం’ అని పేరు. భవానీపురపు ప్రేక్షకుడు దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కి, గాంధీనగర్‌లో దిగి, టిక్కెట్టుకు వేరుగా, పార్కింగుకు వేరుగా, పాప్‌కార్నుకు మరీ వేరుగా చెల్లించుకుంటాడు కాబట్టి అతడే ఈ శాస్త్రానికి అధికారి, అనగా అర్హతగలవాడు.

ప్రతిపదార్థం. ‘సుప్రసిద్ధ’ సుగమం. ‘నవల’ ఏమిటో ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకూ, రోజుకింత చొప్పున అట్ట చిరిగిన సంపుటాలు అద్దెకిచ్చి ఒక తరాన్ని చదివించిన లైబ్రరీలకూ తెలుసు గనుక విడిచిపెట్టడమైనది. క్లేశమంతా ‘ఆధారంగా’ అనే పదంలోనే ఉన్నది.

ఆధారం మూడు విధాలని వైయాకరణులు చెబుతారు. చాప మీద కూర్చున్నవాడికి చాప ఔపశ్లేషికాధారం, అంటే ఒక పక్క తగిలితే చాలును. మోక్షమందు ఇచ్ఛ కలవాడికి మోక్షం వైషయికాధారం, అంటే దాన్ని తలచుకుంటే చాలును. నువ్వులలో నూనె ఉన్నదన్నప్పుడు నువ్వులు అభివ్యాపకాధారం, అంటే ప్రతి గింజలోనూ ఉండి తీరాలి. ప్రీ-రిలీజ్ వేదిక మీద శాలువా కప్పుకుని ‘నవల ఆత్మను తెరకెక్కించాం’ అని ప్రకటించే నిర్మాత ఉద్దేశం మూడోది. హక్కులు కొన్ననాటి అతని మనఃస్థితి రెండోది. మొదటి ఆట చూసినవారికి లభించేది మొదటిది, అనగా చిత్రం నవల మీద కూర్చుంటుంది.

మూడో విధానికి తెలుగున ఉదాహరణ అసలు ఉన్నదా అని పూర్వపక్షం, అంటే ఎదుటివాడి ఆక్షేపం. ఉన్నది. 1951లో విజయా వారు తీసిన ‘పాతాళభైరవి’ మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీ మజిలీ కథల’ నుంచి, కొంత అల్లావుద్దీన్ దీపం నుంచి పుట్టినది. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత బందరు నాటకరంగం పెంచిన పింగళి నాగేంద్రరావు. ఇక్కడ మజిలీ అనేదాన్ని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. రైళ్ళు లేని రోజుల్లో కాశీకి నడిచిపోయే యాత్రికుడు పగలంతా నడిచి, చెట్టు కిందనో సత్రంలోనో దిగి, వండుకు తిని పడుకునే చోటు మజిలీ. దీక్షితుల గ్రంథంలో మణిసిద్ధుడనే యతికి కాశీదాకా తోడు కావాలి, తోడు వచ్చే గోపకుమారుడికి కథలు కావాలి. తనకు వింతగా తోచినదాన్ని గురించి మజిలీ మజిలీకీ కథ చెప్పాలన్నది కుర్రవాడు పెట్టిన షరతు. ఈ ఒప్పందంలో ఎంత లోకజ్ఞానం ఉన్నదో గమనించాలి. అడిగేవాడికి ముందు ఆశ్చర్యం కలగాలి, ఆ తరువాతే చెప్పేవాడు నోరు విప్పాలి. పగటి నడక కథలో భాగం కాదనిపిస్తుంది గాని, కాళ్ళు నొప్పి పుట్టేదాకా నడుస్తూ నిన్నటి కథ ఏమైందా అని కుర్రవాడు మనసులో చేసుకునే ఊహలే సగం కథ. పన్నెండు భాగాల ఆ మహాగ్రంథంలో ఒక కథ కడుపులోనుంచి మరొకటి, దాని కడుపులోనుంచి ఇంకొకటి బయలుదేరుతూ ఉంటే పాఠకుడికి విసుగు పుట్టదు, ఎందుకంటే ప్రతి కథకూ దిగే చోటు ఒకటి ఉన్నది. ఈ నిర్మాణాన్ని ‘కళాపూర్ణోదయం’తో పోల్చి పరిశీలించవలసి ఉన్నది గాని, పింగళి సూరన వైపు తిరిగితే పింగళి నాగేంద్రరావు చేజారిపోతాడు.

నాగేంద్రరావు, కె.వి. రెడ్డి కలిసి చేసినదేమంటే, మజిలీలను తీసివేసి నియమాలను నిలబెట్టడం. పాతాళభైరవికి ఇచ్చే బలికి సాహసవంతుడైన యువకుడే కావాలి. ఆ బలికి ఫలంగా దక్కే ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి కోరికే తీరుతుంది, అది దొంగ అయినా సరే. మాంత్రికుడి శక్తికి అతని గడ్డంతో సంబంధం ఉన్నది. చివరకు మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషంలో వచ్చిన, కథానాయకుడి మిత్రుడు అంజి, రాజకుమారికి నచ్చాలంటే గడ్డం తీయించుకోవాలని నమ్మబలికినప్పుడు ప్రేక్షకుడు నవ్వుతాడు, అదే క్షణంలో నేపాళ మాంత్రికుడి పని అయిపోయిందని కూడా గ్రహిస్తాడు. మాయకు లెక్క ఉన్నది, ఆ లెక్క ప్రేక్షకుడికి ముందే తెలుసు. మంగలికత్తి ఒక్కటి చేసిన ఈ పనిని నేటి కంప్యూటర్ మంటలు గంటసేపు మండి కూడా చేయలేకపోతున్నాయి.

ఇంతకీ ప్రస్తుతం ‘ఆధారంగా’ అనే పదం.

మజిలీ అంతరించలేదు, వారపత్రికలోకి మారింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు ఒక సంచికకూ మరో సంచికకూ మధ్య ఏడు రోజులు ఉండేవి, ఆ ఏడు రాత్రులూ పాఠకుడివే. పసిపిల్ల మీద చేతబడి జరుగుతున్నదా, లేక ఇదంతా వైద్యుడు వివరించగల జబ్బా అనే సందేహం ఆ వ్యవధిలో మగ్గి చిక్కనయ్యేది. ఈ నవలను తూర్పారబట్టిన రంగనాయకమ్మ తన విమర్శకు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పేరు పెట్టారు. అంత కోపం రావాలంటే పుస్తకాన్ని చివరి పేజీదాకా చదివి ఉండాలి. ఇటువంటి శత్రువు ఏ అనుసరణ చిత్రానికీ దక్కలేదన్నది ఇక్కడ గమనార్హం. దాని కొనసాగింపైన ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ వచ్చింది. కాష్మోరా అనే ఆ క్షుద్రశక్తి పేరు వింటే చాలు దుప్పటి ముసుగు పెట్టుకున్న పాఠకులు హాలులో కూర్చుని చూస్తే, కాష్మోరా కనపడింది. లోటంతా అందులోనే ఉన్నది. కనపడనంతకాలం అది ఎవరి ఇంటి వసారాలో వారికి తగినంత పొడవుగా నిలబడేది. తెర మీద అందరికీ ఒకే కొలత. ఆ మాటకున్న బలం ఎటువంటిదంటే, 2016లో కార్తి నటించిన ఒక తమిళ చిత్రం నవలతో ఏ సంబంధమూ లేకుండానే పేరు మాత్రం వాడుకుని తెలుగులోకి కూడా వచ్చింది. అది ఆధారం కూడా అక్కరలేని ఆధేయం, అనగా చాప లేకుండానే కూర్చోవడం.

ఇక ‘అనువైన మార్పులు’. మార్పును తప్పుపట్టేవాడు అలంకారశాస్త్రం చదవనివాడు. పాత కథలో రసానికి అడ్డు వచ్చేదాన్ని కవి వదలవచ్చునని, కొత్తది కల్పించవచ్చునని, ఉన్న వృత్తాంతాన్ని ఉన్నట్టు అప్పగించడం కవి పనే కాదని ఆనందవర్ధనుడు స్పష్టం చేశాడు. భారతంలో లేని దుర్వాసశాపాన్ని కాళిదాసు ‘శాకుంతలం’లోకి తెచ్చాడు. కుంతకుడు దాన్ని మెచ్చుకుని అంతటితో ఆగక, ‘ఉదాత్తరాఘవం’లో మాయలేడి వెంట లక్ష్మణుడు వెళ్ళడాన్ని, అతణ్ణి కాపాడడానికి రాముడు వెళ్ళడాన్ని కూడా మెచ్చుకున్నాడు. అంటే రామాయణాన్ని మార్చినా క్షమించిన శాస్త్రం ఇది. అయితే ఆ శాపం వచ్చిన తరువాత నాటకంలో ప్రతి అంగుళమూ ఆ శాపానికి లోబడి నడుస్తుంది. ఉంగరం పోతే మరుపు, దొరికితే జ్ఞాపకం. ఇప్పటి మార్పు ఇందుకు తలకిందులు: ఉంగరం ఉంటుంది, దానికి మూడు కోణాల్లో క్లోజప్పూ ఉంటుంది, మరుపుకు మాత్రం దానితో పని ఉండదు. చేతబడి బొమ్మ ఉంటుంది గాని గడువు ఉండదు. మంత్రం ఉంటుంది గాని దానికి చెల్లించవలసిన మూల్యం ఉండదు. అద్భుత కథను నిలబెట్టేది అద్భుతం కాదు, దాని మీద పెట్టిన ఆంక్ష. ఆంక్ష తీసేసిన రచయితను కథాచర్చల్లో ఎవరూ అడగరు, పాట తీసేసినవాణ్ణి మాత్రం అడుగుతారు.

ఈ దోషం ఆంధ్రదేశానికే పరిమితం కాదు. ఫిలిప్ పుల్‌మన్ 1995 నాటి నవలను 2007లో ‘ది గోల్డెన్ కంపాస్’గా తీసినవారు, నవల చివరి అధ్యాయాల్లోని విషాదాన్ని రెండో భాగానికి దాచిపెట్టి చిత్రాన్ని ముందే ముగించారు. రెండో భాగం రానేలేదు. దృశ్యమాయలకు ఆస్కారు మాత్రం వచ్చింది. ఇది కాశీకి బయలుదేరి గమ్యానికి ముందరి సత్రంలోనే కాపురం పెట్టడం. టోల్కీన్ ‘ది హాబిట్’ ఒక్క సంపుటి. 2012, 2013, 2014లలో దానిని మూడు చిత్రాలు చేశారు. అక్కడ మజిలీలు ఎక్కువై కథ తక్కువైంది.

పాఠాంతరం. వ్రాతప్రతుల మధ్య కనిపించే భేదానికి పాఠాంతరమని పేరు. తాళపత్ర గ్రంథాల్లో ఇది శతాబ్దాలకు గాని ఏర్పడదు. 2023 జూన్‌లో విడుదలైన ‘ఆదిపురుష్’లో మాత్రం ప్రేక్షకుల ఆగ్రహానికి జడిసి హనుమంతుడి సంభాషణలను కొన్ని రోజులలోనే మార్చారు. పరిష్కర్తలు ఇంత వేగంగా పనిచేసిన సందర్భం మరొకటి టీకాకారుడికి స్ఫురించడం లేదు.

మిగిలినది ‘తో’ అనే విభక్తి ప్రత్యయం. ఆధారం లేనిదేదీ రాయనని, అక్కరలేనిదేదీ చెప్పనని మల్లినాథుడు చేసిన ప్రతిజ్ఞలో మొదటి సగం నిర్మాతలకు, రెండో సగం ఈ టీకకు వర్తించదు గనుక దీనిని కూడా చెప్పవలసిందే. ‘తో’ తృతీయ. ఇక్కడ సహార్థం, అంటే కలిసి రావడం అనే అర్థంలో వచ్చింది. కలిసి వచ్చేవారిలో అప్రధానమైనదానికే తృతీయ చెందుతుందని పాణిని నియమం. కొడుకుతో తండ్రి వచ్చాడంటే తండ్రి ముఖ్యుడు, కొడుకు వెంట వచ్చినవాడు. ఈ లెక్కన ‘మార్పులతో నవల’ అన్నప్పుడు నవల ప్రధానం కావాలి, మార్పులు వెంట రావాలి. తెర మీద జరుగుతున్నది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం కాబట్టి వాక్యం అపశబ్దమై, పాణినీయులకు చెవులు మూసుకోవలసిన స్థితి వచ్చింది. ‘కొంత నవలతో, చలనచిత్రానికి అనువైన మార్పులు’ అని సవరిస్తే వ్యాకరణమూ నిలుస్తుంది, భవానీపురం నుంచి వచ్చినవాడు పాప్‌కార్ను కొనేలోపే తనకు ఏమి దక్కబోతున్నదో తెలుసుకుంటాడు.