సగటున అందరూ క్షేమం

మా శ్రీకాకుళం టీ కొట్టు దగ్గర మాల్దీవులంటే ఎంత జాలో! 2009లో అక్కడి అధ్యక్షుడు నషీద్ మంత్రుల వీపులకు గాలి సిలిండర్లు కట్టించి, సముద్రం అడుగున కేబినెట్ సమావేశం పెట్టాడు. 2021లో తువాలు దీవుల మంత్రి సైమన్ కోఫే సూటూ టైతో మోకాటిలోతు నీళ్లలో నిలబడి ప్రసంగించాడు. "అయ్యో పాపం, మునిగిపోతారట" అని మావాళ్లు గ్లాసు కింద పెట్టి నిట్టూరుస్తారు. మరి మన సముద్రం సంగతేమిటని అడిగితే, "అది మన సముద్రమే కదండీ, ఎక్కడికి పోతుంది?" అంటారు.

ఎక్కడికీ పోదు. ఇటే వస్తుంది.

తువాలు మునగడం లేదు, పెరుగుతోంది అనే పండితులూ ఉన్నారు. 1971–2014 మధ్య అక్కడి నేల 2.9 శాతం పెరిగిందని 2018లో పరిశోధకులు లెక్క తేల్చిన మాట నిజమే. కెరటం ఒక అంచున తిన్నది మరో అంచున కక్కుతుంది. మన లెక్కా అచ్చం అలాంటిదే. జాతీయ తీర పరిశోధన కేంద్రం కొలతల్లో ఆంధ్ర తీరం సుమారు 29 శాతం కోతకు గురవుతుంటే, దాదాపు సగం మేట వేస్తోంది. అంటే మనం లాభాల్లో ఉన్నాం!

భోగాపురం వైపు ఓ పల్లెలో ఎండుచేపలు తిరగేస్తున్న ముసలమ్మకు ఈ శుభవార్త చెప్పాను. ఆవిడ నీళ్లలోకి వేలు చూపింది. "అల్లదిగో బావూ, ఆ కెరటం ఇరిగే కాడ మా ఇల్లు. ఎక్కడో మేటేసిందంతన్నావు, ఆ మేట మీద నా పేర పట్టా ఇప్పిస్తావేటి?"

నా దగ్గర సగటు ఉంది. పట్టా లేదు.

సముద్రాన్ని తిట్టడం తేలిక. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్ర మట్టం పెరిగింది 20 సెంటీమీటర్లు, జానెడు. మిగతా సాయం మనమే చేశాం. మన తీరం వెంట ఇసుక, ఏడాది మొత్తం మీద చూస్తే, దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు కోసం దానికి అడ్డంగా రాళ్ల గట్టు వేస్తే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. ఏరు తేవలసిన ఇసుకలో కొంత ఆనకట్ట వెనక ఆగిపోతుంది, కొంత లారీ ఎక్కి అపార్ట్‌మెంట్ అవుతుంది. గట్టుకు ఉత్తరాన ఎవరి ఇళ్లున్నాయో మాత్రం ఏ శిలాఫలకం మీదా చెక్కరు.

శిలాఫలకాలకేం కరువు లేదు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మూలపేట రేవుకూ 2023లోనే రాయి పడింది. ఉత్తరాంధ్రలో వేసిన ఇలాంటి రాళ్లన్నీ వరసగా పేరిస్తే ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా ప్రహరీ తయారు. ఉప్పాడలో కోతకు అడ్డంగా కట్టిన జియోట్యూబ్ గోడను సముద్రం చించేసింది గానీ, శంకుస్థాపన రాయిని కదిలించడం ఎవరి తరం?

నిబంధనలూ ఉన్నాయి. ఒకప్పుడు పల్లెల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా అభివృద్ధి నిషిద్ధం. 2019 నోటిఫికేషన్ జనం కిక్కిరిసిన తీరగ్రామాల్లో దాన్ని 50 మీటర్లకు దించింది. సముద్రం ముందుకొస్తుంటే మనం గీతనూ ముందుకు జరిపాం, మగపెళ్లివారికి ఎదురుకోలు పలికినట్టు!

ఇల్లు పోయాక అసలు తమాషా. తుపాను విపత్తు, సునామీ విపత్తు, వడగళ్లు విపత్తు, పంటకు పట్టిన చీడ కూడా విపత్తే. తీరం కోత మాత్రం కేంద్రం జాబితాలో లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క దెబ్బకు ఉద్దానం కొబ్బరిని కూల్చింది, కనక అది విపత్తు. సముద్రం మర్యాదగా ఏడాదికో గది చొప్పున తింటే అది విపత్తు కాదు, మీ ఖర్మ. కోతకు ఇళ్లు పోయినవారి పునరావాసానికి 15వ ఆర్థిక సంఘం 2021–26కు వెయ్యి కోట్లు సిఫారసు చేసింది, యావద్దేశానికీ కలిపి. పొరుగునా ఇదే కథ: ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే, తెలుగు మత్స్యకారుల పొడంపేటను సముద్రం ఎప్పుడో మింగేసింది.

తువాలు వాళ్లు 2023లో ఆస్ట్రేలియాతో ఒప్పందం చేసుకున్నారు. ఏడాదికి 280 మంది అక్కడ స్థిరపడొచ్చు. మన కుర్రాళ్లకు ఏ ఒప్పందమూ లేకుండానే గుజరాత్‌లో వేరావల్ రేవు ఉంది. 2018లో అక్కడినుంచి వేటకెళ్లిన కొందరికి ఏడాదికి పైగా పాకిస్తాన్ జైలు కూడా దొరికింది.

అయ్యా, కేబినెట్‌ను నీళ్లలో కూర్చోబెట్టక్కర్లేదు. విపత్తుల జాబితాలో 'తీరం కోత' అని రెండు మాటలు చేర్చండి. గట్టుకు అనుమతి రాసే ముందు ఒక్కసారి ఉత్తరానికి తిరిగి, అక్కడ ఎవరున్నారో చూడండి. దీవులు మునుగుతాయో లేదో తీరిగ్గా తేల్చుకోవచ్చు. ముసలమ్మ ఇల్లు ఇప్పటికే మునిగింది. సగటున కాదు, మొత్తంగా.